రంగూన్ జాడీలో నెల్లికాయలు

ఎండలు ముదరక ముందే ఒక ఆదివారం ఉదయం ఆండాళు మా ఇంటికి వచ్చింది. మా ఇల్లంటే వ్యాసర్పాడిలో హౌసింగ్ బోర్డు వాళ్ళు కట్టిన మూడో అంతస్తులో ఒకటిన్నర గది. కిటికీ తీస్తే రైల్వే యార్డు. లిఫ్టు కోసమని గోడలో కన్నం విడిచిపెట్టారు కానీ అందులోకి పెట్టె ఇంతవరకూ రాలేదు. ఆమె నాకంటే రెండేళ్ళు పెద్ద. మెట్లెక్కి వచ్చి, గడప పట్టుకుని, ఊపిరి తీసుకోవడానికే చాలాసేపు పట్టింది.

"ఏంది దేశీ, ఇన్ని మెట్లు పెట్టుకోనుండావు?"

"నేను పెట్టలేదు పాపమ్మా. సర్కారు పెట్టింది. కూర్చో."

నా పేరు దేశమ్మ. నన్ను దేశీ అని పిలిచేవాళ్ళలో ఇప్పుడు మిగిలింది ఆమె ఒక్కతే. ఆమెను పాపమ్మా అనడం నా నాలుక మరిచిపోని అలవాటు. డెబ్బై దాటిన మనిషిని అట్లా పిలిచేసరికి మా మనవరాలు కీర్తన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. చింతాద్రిపేటలో ఆండాళు వాళ్ళ ఇంట్లో మా అమ్మ మునెమ్మ పనిచేసేది. నడక వచ్చినప్పటి నుంచి పదేళ్ళు నిండేదాకా అమ్మ కొంగు పట్టుకుని నేనూ ఆ ఇంటికి పోయాను. తరవాత పోలేదు. ఎందుకు పోలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ పాత ఇంటిని అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్ళకు ఇచ్చేస్తున్నారట. అటకలు దులుపుతుంటే ఆండాళుకు వాళ్ళ నాయన రాసిన పుస్తకం దొరికింది. ఆయన తెలుగు బడిలో సైన్సు చెప్పేవాడు. మేమంతా ఐవారు అనేవాళ్ళం. వెలుగు నీళ్ళలోకి, గాజులోకి పోయేటప్పుడు ఎట్లా వంగుతుందో పిల్లలకు తెలిసేలా, ఇంట్లో దొరికే వస్తువులను ఫోటోలు తీసి ఆయన వేసిన చిన్న పుస్తకం అది. అట్ట ఊడిపోయింది, చెదలు ఒక మూల తినేశాయి. ఆండాళు వేలు పెట్టి ఒక పేజీ తెరిచి నా ఒళ్ళో పెట్టింది.

"చూడు. ఈ చెయ్యి ఎవురిదో చెప్పు చూస్తాం."

నలుపు తెలుపు ఫోటో. గుండ్రటి పెద్ద గాజు జాడీ, దాని నిండా నెల్లికాయలు, పుస్తకం భాషలో ఉసిరికాయలు. జాడీ పక్కన ఒక చెయ్యి, రెండు వేళ్ళ మధ్య ఒక చిన్న కాయ. చూపుడువేలి గోరు నడిమికి చీలి రెండుగా పెరిగి ఉంది. కత్తిపీట మీద పనసకాయ కోస్తూ చీల్చుకున్న గోరు అది. దాన్ని నేను గుర్తుపట్టకపోవడం ఉండదు. ఆ గోరు తగులుతుందనే మా అమ్మ నాకు తల దువ్వేటప్పుడు ఆ వేలు ఎత్తి పట్టుకునేది.

ఫోటో కింద రెండు వరుసలు అచ్చై ఉన్నాయి. నాకు అక్షరాలు నలభై ఎనిమిదో ఏట వచ్చాయి. మా వీధిలో సాయంత్రం పూట బడి పెట్టిన టీచరమ్మ తెలుగామె కావడం నా అదృష్టం. అందరూ అరవం నేర్చుకుంటే నేను మొండికేసి తెలుగే నేర్చుకున్నాను. ఇప్పటికీ వేలు పెట్టుకునే చదువుతాను. చదివాను. "ఉప్పునీళ్ళలోని ఉసిరికాయ అడ్డంగా సాగి పెద్దదిగా కనిపిస్తుంది. చేతిలోని కాయ అసలు పరిమాణం ఇది. రెండూ ఒకే బుట్టలోవి."

చివరి మాట మళ్ళీ చదివాను. ఆ మాట ఆయన నోటితో ఒక మధ్యాహ్నం అనుంటే చాలేది. ఆ మాట అననందుకే మా అమ్మ దొంగ అయింది.

ఆండాళు మాత్రం సంతోషంగా ఉంది. తెలుగు టీచర్లు కొందరు కలిసి ఆ పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వేస్తారట, ఒక సభ పెడతారట. "నాయన కాలం వాళ్ళు ఇంకెవురుండారు దేశీ? నువ్వొచ్చి ఆయన మంచితనం గురించి రెండు మాటలు చెప్పాల. కారు పంపిస్తాను" అంది. నేను పుస్తకం మూయలేదు. కీర్తనను కాఫీ పెట్టమన్నాను.

ఆ ఇంట్లో పొద్దున మొదట లేచేది కాఫీగింజల వాసన. అమ్మగారు వేదవల్లమ్మ గింజలు రోజూ వేయించాల్సిందే. నిన్న వేయించింది నేడు తాగితే నోరు చచ్చిపోతుందనేది. వెనక గుమ్మం దగ్గర మాకు గోడ గూట్లో వేరే రెండు గ్లాసులు ఉండేవి. కడుక్కుని తాగి కడుక్కుని బోర్లించాలి. కాఫీ వాసనకు అంటూ ముట్టూ ఏమీ లేదు, అది మా వైపు కూడా వచ్చేది. గాలి తిరిగితే కూవం ఏటి కంపు వాళ్ళ వైపు కూడా పోయేది. అమ్మగారి నడుముకు తాళాల గుత్తి. ఆమె నడిస్తే ఆ చప్పుడు ముందు వచ్చేది, ఆమె తరవాత వచ్చేది. వాళ్ళ నాయన రంగూన్‌లో బియ్యం వ్యాపారం చేసి, యుద్ధంలో అన్నీ పోగొట్టుకుని, కొన్ని గాజు సామాన్లతో తిరిగి వచ్చిన మనిషి. ఆయన దండేసిన ఫోటో హాల్లో ఉండేది. ఇల్లు ఆయనది, కూతురు ఒక్కతే. ఐవారు ఇల్లరికం వచ్చాడు. ఇంట్లో ఆయన సొంతం అనదగ్గవి ఉయ్యాలబల్ల మీద పేపరు చదివే చోటు, ఒక కెమెరా, రెండు పెట్టెల పుస్తకాలు. మిగతా అంతటా ఆయన చుట్టంలాగా అడిగి తిరిగేవాడు. "వేదా, ఈ గిన్నె రవ్వంత తీసుకుందునా?" అని ఆయన వంటింటి గడప అవతల నిలబడి అడగడం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

మా అమ్మకు కైరాశి ఉందని, చెయ్యి మంచిదని, ఆ వీధిలో పేరు. ఊరగాయ కొందరు చెయ్యి పెడితే బూజు పడుతుంది, కొందరు పెడితే ఏడాది నిలుస్తుంది. ఇది నిజమో కాదో నాకు తెలియదు, మావాళ్ళందరూ నమ్మేవాళ్ళు. వేదవల్లమ్మ చెయ్యి పెట్టిన ఊరగాయ ప్రతి ఏడూ బూజు పట్టేది. అందుకని నీళ్ళ గ్లాసు వేరుగా పెట్టిన ఆ ఇంట్లోనే, ఊరగాయ జాడీలు మాత్రం మా అమ్మ చేత పెట్టించేవాళ్ళు. జాడీ మూత అమ్మ తప్ప ఇంకెవరూ తీయకూడదని అమ్మగారే రూలు పెట్టింది. చుట్టాలొచ్చి తిని, "మునెమ్మ చెయ్యి గదా" అనేవాళ్ళు. ఆ మాట అన్నప్పుడల్లా అమ్మగారి తాళాలు గలగలమనేవి. అప్పుడు నాకు అర్థం కాలేదు. తన ఇంటి రుచికి పనిమనిషి పేరు పెట్టడం ఏ ఇల్లాలికి నచ్చుతుంది?

ఐవారు ఆ ఏడాదంతా ఫోటోల పిచ్చిలో ఉన్నాడు. "మన పిల్లకాయలకి లేబరేటరీ యాడుంది? వంటిల్లుంటే చాల్దా?" అనేవాడు. సెలవు రోజుల్లో పెరటి అరుగు మీద, ఎండ ఏటవాలుగా పడే వేళ చూసుకుని పని మొదలుపెట్టేవాడు. నేను ఆయన పాత పంచెను రెండు చేతులతో చాపి వెనక తెరలాగా పట్టుకోవాలి. ఊగకూడదు, తుమ్మకూడదు. గాజు గ్లాసులో నీళ్ళు పోసి చెంచా పెడితే కాడ నీటిమట్టం దగ్గర విరిగినట్టు కనిపించేది. పేపరు మీద నూనె రాసి ఒక నీటిబొట్టు వేస్తే కింద అక్షరం లావయ్యేది. ఇత్తడి గిన్నె అడుగున చింతగింజ పెట్టి, అది అంచు చాటుకు పోయి కనిపించకుండా పోయేదాకా కెమెరా వెనక్కి జరిపి, ఒక ఫోటో తీసేవాడు. తరవాత నన్ను, కెమెరా కదలకుండా, గిన్నెలో మెల్లగా నీళ్ళు పొయ్యమనేవాడు. పోస్తూ ఉండగా చింతగింజ దానంతట అదే పైకి తేలి వచ్చినట్టు కనిపించేది. చెయ్యి పెడితే అడుగునే ఉండేది. నేను కేక పెట్టాను. ఆయన నవ్వాడు.

"గింజ లేవలేదే పిల్లా. వెలుగు నీళ్ళలో నుంచి బయటికొచ్చేటప్పుడు వంగింది. మన కన్నుకి వంగడం తెలీదు. నేరుగా వచ్చిందని అనుకోని, పైన ఉండాదంటాంది."

ఆ మాట నాకు ఒక్క సారికే పట్టింది. వచ్చే జూన్‌లో నన్ను తమ బడిలో వేస్తానని ఆయన అమ్మతో అన్నాడు. అమ్మ ఆ రోజు నాకు దారంతా పాఠం చెప్పినట్టు చెప్పింది, ఐవారు అన్న మాట తప్పడని. ఆయన చెడ్డవాడని నేను ఎన్నడూ అనలేదు. చెడ్డవాడైతే ఇంత కాలం మోయాల్సిన పని ఉండేది కాదు.

ఆ ఏడు పింగాణీ జాడీ ఒకటి పగిలింది. నెల్లికాయల కాలం వచ్చింది. ఐవారు కొత్వాల్ చావిడి మార్కెట్టుకు పోయి ఒక బుట్ట కాయలు తానే ఏరి తెచ్చాడు. ఆ మూడు రోజులూ అమ్మగారు బయట చేరి వెనక గదిలో ఉంది. అప్పుడు ఆడవాళ్ళు ఊరగాయ దగ్గరికి రాకూడదు, నీడ కూడా పడకూడదు. గది లోపలి నుంచే కేక వేసింది: "మునెమ్మా, మా నాయన రంగూన్ నుంచి తెచ్చిన గాజు జాడీ ఉండాది చూడు. దాంట్లో పెట్టు!" అమ్మ కాయలు కడిగి, తడి లేకుండా తుడిచి, ఉప్పు పసుపు కలిపిన నీళ్ళు కాచి చల్లార్చి, తేట తీసి పోసింది. బుట్టలో ఉన్నప్పుడు కాయలను అమ్మగారు చూడలేదు. స్నానం చేసి బయటికొచ్చేటప్పటికి జాడీ గూట్లో ఉంది, అద్దం లాంటి నీళ్ళలో కాయలు ఒక్కొక్కటీ నిమ్మకాయంత లావున పక్కకు సాగి కనిపిస్తున్నాయి.

"అబ్బా! ఈయన ఒక్క పని సరిగ్గా చేసినాడు" అంది అమ్మగారు. జాడీని వంటింటి గూట్లోంచి తీయించి హాలు కిటికీలో పెట్టించింది. వచ్చినవాళ్ళందరికీ చూపించింది.

ఐవారు ఆ జాడీని విడిచిపెడతాడా? ఆ వారమే, అమ్మగారు మధ్యాహ్నం కునుకు తీస్తుండగా, పెరట్లోకి తెప్పించాడు. నేను పంచె పట్టుకున్నాను. "మునెమ్మా, ఒక కాయ బయటికి తీసి పక్కన పట్టుకో. గాజుకి ఆనించి" అన్నాడు. అమ్మ తీసింది. చేతిలో చూస్తే గోళీ కంటే కొంచెం పెద్దది. అమ్మ నవ్వింది. "ఏందయ్యా ఇది, లోపలుంటే దొరసాని, బయటికొస్తే కూలిదా?" ఐవారు కడుపు పట్టుకుని నవ్వి, కెమెరా కదిలిందని మళ్ళీ తీశాడు. జాడీ గుండ్రం కాబట్టి, లోపల నీళ్ళు కాబట్టి, అదంతా కలిసి భూతద్దం పని చేస్తుందని మాకిద్దరికీ విప్పి చెప్పాడు. అమ్మ కాయను మళ్ళీ లోపల వేసింది. అది మా కళ్ళ ముందే లావైంది. అంటే ఈ సంగతి ఆ ఇంట్లో ఐవారికి తెలుసు, అమ్మకు తెలుసు, నాకు తెలుసు.

నెల తిరిగాక అమ్మగారి పెదనాన్న కొడుకు, కోడలు, వాళ్ళవాళ్ళు పదిమంది భోజనానికి వచ్చారు. వాళ్ళు ఇంట్లో కాలు పెట్టగానే చూసింది జాడీనే. అమ్మగారు చెప్పిందే చెప్పింది: ఇట్లాంటి కాయలు పట్నంలో ఇంకెవరింట్లోనూ లేవు. ఆకులు వేశారు. అమ్మ మూత తీసి గరిటెతో కాయలు గిన్నెలోకి తీసి ఇచ్చింది, అమ్మగారు వడ్డించింది. వడ్డించేటప్పుడు ఆమె కళ్ళు గిన్నె మీద లేవు, చుట్టాల మొహాల మీద ఉన్నాయి. ఆ వదినగారు ఆకులో కాయను వేలితో దొర్లించి చూసింది.

"ఏం వదినా, చూసేదానికి ఒక కాయ, తినేదానికి ఇంకో కాయనా? పెద్దవి మాకు పెట్టేదానికి మనసు రాలేదు పో!"

అందరూ నవ్వారు. ఆమె వేళాకోళానికే అంది. అమ్మగారు ఆకులోని కాయను చూసింది, కిటికీలోని జాడీని చూసింది. మొహం నల్లబడింది.

"మునెమ్మా! పెద్ద కాయలేమైనాయే?"

అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "పెద్దవేమీ లేవమ్మా. అన్నీ ఇయ్యే. నీళ్ళల్లో అట్ల కనపడతాయి."

"నీళ్ళల్లోనా? నాకు కండ్లు లేవా? జాడీ పెట్టింది నువ్వు, మూత తీసేది నువ్వు. పెద్దవి తీసి సంత కాయలు వేసి పెట్టినావు. ఏ ఇంట్లో ఇచ్చినావు?"

"అయ్యో, ఒకటి మళ్ళా లోపలేసి చూపిస్తానమ్మా, చూడండి" అని అమ్మ గిన్నెలోంచి ఒక కాయ తీసి జాడీ వైపు రెండడుగులు వేసింది.

"ముట్టొద్దు! ఆ చెయ్యి ఇంక దాని మీద పడిందంటే చూడు!"

అమ్మ ఆగిపోయింది. కాయ చేతిలోనే ఉంది. జాడీ నాలుగడుగుల దూరంలో ఉంది. ఆ పదిమందిలో ఎవరైనా, ఊరికే, ఏమవుతుందో చూద్దామని ఒక కాయ అందులో వేసుంటే అయిపోయేది. నేనైనా పరిగెత్తి వేసుండొచ్చు. గుమ్మం చాటున నిలబడి పావడా నలుపుకుంటూ ఉన్నాను. అది నా తప్పు. పదేళ్ళదాన్ని అని నాకు నేను చెప్పుకుంటే నా చెవులే నమ్మవు.

"అయితే ఐవారిని అడగండమ్మా" అంది అమ్మ. "ఫోటో తీసినారు గదా. ఆయనే చెప్పినారు. ఆయన తెచ్చిన బుట్టే గదా ఇది."

అందరూ ఐవారి వైపు తిరిగారు. ఆయన పెరుగన్నం కలుపుతున్నాడు. చెయ్యి ఆగింది. భార్యను చూశాడు, ఆమె వెనక గోడ మీది మామగారి ఫోటోను చూశాడో, లేక నాకట్లా అనిపించిందో. అన్నం ఇంకా సగం ఉండగానే ఆకు మడిచేశాడు.

"అన్నం ముందర గలాటా ఏంది ఇది. ఇవంతా నాకేం తెలుసు? ఆడోళ్ళ సంగతి."

లేచి చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. అదే పెరడు. నీళ్ళు పోసుకునే చప్పుడు చాలాసేపు వినిపించింది.

ఆ తరవాత జరిగింది చెప్పడానికి ఎక్కువ లేదు. ఆ చుట్టాల ముందే అమ్మ చేత కొంగు విప్పించి దులిపించారు. నా పావడా మడత కూడా విప్పించారు. ఏమీ రాలలేదు. ఏమీ రాలకపోవడం కూడా మాకు పనికిరాలేదు. ఇప్పుడు లేవంటే ముందే దాటించింది అన్నారు. చింతాద్రిపేటలో మిద్దెకూ మిద్దెకూ మధ్య జాన దూరం. సాయంత్రానికి మాట వీధి చివర దాటింది. వారంలో అమ్మ పనిచేసే మిగతా రెండిళ్ళూ వద్దన్నాయి. కైరాశి ఉన్న చెయ్యి అన్నవాళ్ళే చేతివాటం అన్నారు.

మా నాయన అప్పటికే లేడు. వ్యాసర్పాడిలో మేనత్త గుడిసె పక్కన తాటాకు వేసుకున్నాం. అమ్మ రాయపురం పోయి రొయ్యలు ఒలిచింది, చేపలు ఎండేసింది. పక్కన కూర్చుని నేనూ ఒలిచాను. జూన్ వచ్చింది, పోయింది. ఉప్పులో, మంచులో నాని అమ్మ వేళ్ళు తెల్లగా ఉబ్బి చివర్లు పగిలేవి. సబ్బు పెట్టి రుద్దినా వాసన పోయేది కాదు. మా మేనత్త కూతురి పెళ్ళిలో ఊరగాయ పెట్టమంటే "నా చెయ్యి నీసు చెయ్యి, వద్దు" అని దూరం జరిగింది. నెల్లికాయ మళ్ళీ నోట పెట్టలేదు. ఎవరైనా ఇస్తే ఒంటికి సరిపడదనేది. ఇన్నింటిలోనూ నాకు ఒళ్ళు మండిన సంగతి ఒకటే: ఐవారి మీద ఆమె ఒక్క మాట పడనిచ్చేది కాదు. "ఆయన మంచోడేలే. నోరు లేదు పాపం" అనేది. నోరు లేకుండానే బడిలో ఇంతమందికి పాఠం చెప్పాడా అని నేను అరిచేదాన్ని. అట్లా అరుస్తూ ఉండగానే ఆమె ముసలిదైంది, పోయింది.

ఇప్పుడు కాలం మారిందంటారు. మారింది, కాదనను. కీర్తనకు బడిలో ఇదే పాఠం. ఇంట్లో వస్తువులతో ఫోటోలు తీసుకురమ్మన్నారు. గ్లాసులో చెంచా పెట్టి, ఫోను పట్టుకుని, ఒక్క నిమిషంలో ఆరు ఫోటోలు తీసి పడేసింది. మేము ముగ్గురం ఊపిరి బిగబట్టి ఒక పూటంతా తీసింది అది. గోడ గూట్లో వేరే గ్లాసులు కూడా ఇప్పుడు కనిపించవు. మా కోడలు వంట చేసే అపార్ట్‌మెంటులో ఆమెకు కాఫీ మంచి కప్పులోనే ఇస్తారు. దిగి వచ్చేటప్పుడు గేటు దగ్గర సంచి తెరిచి, టిఫిను డబ్బా మూత తీసి చూపించి రావాలి. రోజూ. కొంగు విప్పించినప్పుడు మా అమ్మను దొంగా అని ఒకసారి అన్నారు. ఇప్పుడు ఆ మాట అనే శ్రమ కూడా తీసుకోరు.

కాఫీ తాగుతున్న ఆండాళుకు ఇదంతా చెప్పాను. ఆ పుస్తకం మీద వేలు పెట్టి, "రెండూ ఒకే బుట్టలోవి అని మీ నాయన అచ్చు వేయించినాడు. ఇంట్లో ఎందుకు చెప్పలేదు? మీ అమ్మ కన్ను మోసపోయింది సరి, ఆయన నోరేమైంది?" అని అడిగాను. ఆమె కప్పు కింద పెట్టింది. చీర అంచు సరిచేసుకుంది.

"అమ్మ మోసపోయింది ఆ రవ్వంత సేపే దేశీ" అంది. "ఆ మధ్యాన్నం చుట్టాలు పోయినాక నేను ముక్కాలిపీట వేసుకోని ఎక్కి, కాయొకటి లోపలేసి చూసినాను. లావైపోయింది. అమ్మని పిలిచి చూపించినాను."

"చూసిందా?"

"చూసింది. ఇంకోటి తనే వేసి చూసింది. నన్ను దింపి, 'ఎవురికీ చెప్పొద్దు, పదిమంది ముందర అనేసినాను, ఇప్పుడు వెనక్కి తీసుకుంటే నా పరువేం గాను' అనింది."

"మీ నాయన?"

"ఆడే ఉండాడు. ఉయ్యాలబల్ల మీద. విన్నాడు." కళ్ళు తుడుచుకుంది. "ఇన్నేళ్ళూ నా లోపల్నే ఉండిపోయింది. చెప్పేసినాను. ఇప్పుడు తేలికగా ఉండాది నాకు."

"నీకు ఉంటుంది" అన్నాను.

ఇంతకాలం నేను ఆ ఇంటిని ఒక పొరపాటుకు తిట్టుకున్నాను. ఆడమనిషికి నీళ్ళ సంగతి తెలియలేదు, మగమనిషికి ధైర్యం చాలలేదు, మా ఖర్మ కాలింది అనుకున్నాను. ఆ సాయంత్రానికే అక్కడ అందరికీ తెలుసు. తెలిసీ మరునాడు ఎవరినీ పంపలేదు, ఆ మరునాడూ పంపలేదు. ఏడాది తరవాత మా అమ్మ చేతిని అచ్చు వేసుకున్నారు.

కీర్తన దగ్గర పెన్ను అడిగి తీసుకున్నాను. నా అక్షరాలు పెద్దవి, వంకర. ఫోటో కింద మిగిలిన ఖాళీ చాలకపోతే పక్కకు తిప్పి రాశాను: "ఈ చెయ్యి మునెమ్మది. ఈమె కాయలు మార్చలేదు." పుస్తకం ఆండాళుకు ఇచ్చాను.

"ఇది వేయించు. ఇంక వేరే ఏమీ వద్దు. సభకొచ్చి మీ నాయన మంచితనం కూడా చెప్తాను, అది ఉండాది కాబట్టి."

ఆమె చదువుకుంది. "పేరు వేయిస్తాను దేశీ, తప్పకుండా. ఆ రెండో మాట... పిల్లకాయలు చదివే పుస్తకం గదా."

"పిల్లకాయలు చదవాలనే రాసినాను."

"నాయన పేరు చెడిపోదా?"

"ఆయన పేరు అట్ట మీద ఉండాది. మా అమ్మది లోపల ఒక మూల. సరిపోదా?"

అడుగుతాననింది. పుస్తకం సంచిలో పెట్టుకుని, ఒక్కొక్క మెట్టూ పట్టుకుని దిగిపోయింది. ఫోను చేసింది. సభ తేదీ చెప్పింది. నేను రాసింది అచ్చులో చూశాకే వస్తానన్నాను. సభ జరిగిపోయింది. పది రోజులకు బండి మీద ఒకతను వచ్చి స్వీటు డబ్బా, కొత్త పుస్తకాలు రెండు ఇచ్చి పోయాడు. కాగితం నున్నగా, బొమ్మలన్నీ రంగుల్లో ఉన్నాయి. ఆ పేజీ తీశాను. గాజు గ్లాసులో నిమ్మకాయ, పక్కన బల్ల మీద ఇంకో నిమ్మకాయ. చెయ్యి లేదు. నేనే ఆండాళుకు ఫోను చేశాను.

"మా అమ్మ చెయ్యి యాడ?"

"పాత ఫోటో గదా దేశీ, సరిగ్గా రాలేదన్నారు. రంగుల్లో అయితే..."

"నేను రాసింది వాళ్ళకి చూపించినావా?"

ఆమె ఇంట్లో కుక్కరు కూత వేయడం వినిపించింది. "ఎట్ల చూపించేది చెప్పు? ఆడ అందురూ నాయన్ని దేవుడంటాండారు."

"అయితే ఆ పాత పుస్తకం ఇచ్చెయ్యి."

"ప్రెస్సులో ఇచ్చినాను. పని అయినాక యాడో పెట్టేసినారంట. వెతకమని చెప్పినాను."

నాలుగుసార్లు అడిగాను. నాలుగుసార్లూ వెతకమని చెప్పానంది. తరవాత నేను చేస్తే ఎత్తడం మానేసింది. "ఆ పూటే నా ఫోనులో ఒక ఫోటో తీసిపెట్టుకునుంటే అయిపోయేది గదా అవ్వా" అంటుంది కీర్తన. నిజమే. ఫోను దాని చేతిలోనే ఉంది, మా ఇద్దరికీ తట్టలేదు. రాసి చేతికిస్తే అచ్చు వేస్తారనుకున్నాను. మా అమ్మను బతికున్నన్నాళ్ళలో ఫోటో తీసింది ఐవారు ఒక్కడే, అదీ ముంజేతి వరకు. మా ఇంట్లో ఆమెది ఇంకొకటి లేదు.